వేయించిన గింజల వ్యాపారము: రైతు సంఘములకు కొన్ని సూచనలు

కార్తిక మాసము వచ్చుసరికి అనంతపురము, శ్రీ సత్యసాయి జిల్లాల పల్లెలలో వేరుసెనగ కుప్పలు కళ్లములను నింపును. అప్పుల వత్తిడిచేత రైతు కాయను కళ్లములోనే అమ్మివేయును. ఆరు నెలలు గడచిన పిమ్మట ఆ రైతు బిడ్డయే బస్సు నిలుచు చోట చిన్న పొట్లము నొకదానిని కొని, అందలి పిడికెడు వేయించిన గింజలకు, తండ్రి కళ్లములో పుచ్చుకొన్న ధరకు ఎన్నో రెట్లు చెల్లించును. ఈ తేడా ఎవరికి పోవుచున్నది? మనమే ఏల వేయించి అమ్మరాదు? అని మన సంఘముల సభ్యులు, ముఖ్యముగా స్త్రీ సభ్యులు, మమ్ము తఱచుగా అడుగుచున్నారు.

ప్రశ్న న్యాయమైనదే. కాని ప్రత్యుత్తరము ఒక్క మాటతో తీరునది కాదు. గింజలను వేయించుట మన యిండ్లలో అందఱు నెఱిగిన పని. ఆ పని తెలిసినంత మాత్రమున వ్యాపారము నిలువదు. చెడిన గింజను ఏరివేయుట, వేయించినదానిని పాడుకాకుండ నిలుపుట, ప్రతి రూపాయికిని లెక్క వ్రాయుట: ఈ మూడును చేతనైన సంఘమునకే ఆ తేడాలో కొంత భాగము దక్కును. చేతగానిచో పంటమీద వచ్చిన కొద్దిపాటి సొమ్మును గూడ పోగొట్టుకొనవలసి వచ్చును. ఈ విషయమునే ఈ నెల వివరింప దలచితిమి.

ఏ గింజలు తగినవి?

మొదట మన పొలములో పండునదియే తగినది. రాయలసీమలో వేరుసెనగయు, నల్లరేగడి భూములలో సెనగయు మనకు ముఖ్యములు. తెలంగాణములో నువ్వులు, కుసుమలు, పొద్దుతిరుగుడు పండించువారు గలరు. గుమ్మడి గింజలు, పుచ్చ గింజలు, అవిసెలు నేడు పట్టణవాసులు అడిగి కొనుచున్నారు. ఐనను ఇతర ప్రాంతములనుండి గింజలను కొని తెచ్చి వేయించువానికి, పెద్ద వర్తకునికంటె చవుకగా సరకు దొరకదు. రైతు సంఘమునకుగల బలమంతయు, ఆ గింజ ఎవరి చేనిలో, ఏ విధముగ పండినదో, ఎప్పుడు ఎండినదో తనకు తెలియుటయందే యున్నది. ఆ బలమును విడిచి ఇతరుల సరకును నమ్ముకొనుట తగదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. విత్తుటకై మందు పట్టించిన విత్తనములు మిగిలినచో, వానిని కడిగియైనను వేయించి తినుటకు గాని అమ్ముటకు గాని వాడరాదు. శిలీంధ్రనాశనులు, పురుగుమందులు నీళ్లతో పూర్తిగా పోవునవి కావు. అట్టి విత్తనముల సంచులను వేయించు చోటికి రానీయకుండుటయే క్షేమము.

కళ్లములోనే పని మొదలగును

వేయించిన గింజ మంచిదగునో కాదో బాణలిలో తేలదు, కళ్లములోనే తేలిపోవును. వేరుసెనగ కాయను పెరికినపుడు తేమ మిక్కుటముగా నుండును. అది 8 లేక 9 శాతమునకు దిగువరకు ఎండబెట్టవలెను. కాయను చెవియొద్ద నాడించినపుడు లోని గింజ గలగల మ్రోగవలెను. పలుకును రెండు వ్రేళ్ల నడుమ నుంచి నలిపినచో పైపొర సులభముగా ఊడవలెను. వాన వచ్చినపుడు కుప్పపై కప్పిన పట్టాను వాన వెలిసిన వెంటనే తీయకున్నచో లోపల ఆవిరి పట్టి బూజు పుట్టును.

ఈ బూజును మన పెద్దలు చేదుగింజయని ఏరి పారవేయుచుండిరి. దాని వలన కలుగు అపాయము ఎంత గొప్పదో 1960లో లోకమునకు తెలిసినది. ఆ సంవత్సరము ఇంగ్లండు దేశములో లక్షకు పైగా టర్కీ కోళ్లు కారణము తెలియకుండ చచ్చిపోయెను. విచారించి చూడగా వానికి మేతగా పెట్టిన, బ్రెజిలునుండి వచ్చిన వేరుసెనగ పిండిలో బూజు వలన పుట్టిన విషము కనబడెను. దానికే అఫ్లాటాక్సిన్ అని పేరు. అది కాలేయమును చెఱచును. దీర్ఘకాలము కడుపులోనికి పోయినచో పుట్టకురుపు కలిగించును. పంట చివరి దినములలో వాన లేక బెట్ట తగిలిన చేలలో ఈ బూజు ఎక్కువగా చేరును. బెట్ట మన సీమకు క్రొత్త కాదు గనుక ఈ జాగ్రత్త మనకు మఱింత ముఖ్యము.

వేయించినచో విషము పోవును గదా యని కొందఱందురు. అది నిజము కాదు. వేడిచే బూజు చచ్చును గాని, అది విడిచిన విషము చాల భాగము నిలిచియే యుండును. పైగా ఉప్పుకారము తగిలించినచో చేదు తెలియకపోవును. కావున వేయించుటకు ముందే ఏరవలెను. ముడుతలు పడినవి, రంగు మాఱినవి, పగిలినవి, పురుగు తొలిచినవి, బూజు పట్టినవి తీసివేసినచో అపాయము చాలవఱకు తగ్గును. ఏలయన విషము అన్ని గింజలలో సమముగా నుండదు, చెడిన కొద్ది గింజలలోనే కూడియుండును. తినుటకు సిద్ధమైన గింజలలో ఈ విషము కిలోకు 10 మైక్రోగ్రాములకు మించరాదని మన దేశపు నిబంధన. కంటితో చూచి ఇది తేల్చుట సాధ్యము కాదు. కావున ప్రతి పంట సరకునుండి నమూనా తీసి గుర్తింపుగల పరీక్షశాలకు పంపుట అవసరము.

ఏరివేసిన గింజలను ఏమి చేయవలెను? పాడియావులకు పెట్టరాదు, ఆ విషము పాలలోనికి దిగును. గానుగకు తోలరాదు, వడపోయని నూనెలోనికిని, చెక్కలోనికిని అది చేరును. వానిని కాల్చుటయో, పూడ్చుటయో చేయవలెను. ఏరివేసినది నష్టమని చింతింపరాదు. అది వ్యాపారపు ఖర్చులలో మొదటి ఖర్చు.

వేయించు విధము

వేయించుటకు ముందు గింజలను జల్లెడ పట్టి, ఒకే పరిమాణము గలవానిని ఒక చోట చేర్చవలెను. పెద్ద గింజయు చిన్న గింజయు కలిపి వేయించినచో పెద్దది పచ్చిగా నుండగనే చిన్నది మాడిపోవును. ఈ కారణము చేతనే రెండు రకముల వేరుసెనగను ఒకే వాయిలో కలుపరాదు.

మన పల్లెలలో పూర్వమునుండి ఉన్న ఇసుక వేపుడు మంచి పద్ధతి. కడిగి యెండబెట్టిన ముతక ఇసుకను ఇనుప బాణలిలో బాగుగా కాగనిచ్చి, గింజలను పోసి విడువక కలుపుచుండవలెను. ఇసుక వేడిని గింజకు అన్ని వైపులనుండి సమముగా నిచ్చును. పిమ్మట జల్లెడతో ఇసుకను వేఱు చేయవలెను. ఎక్కువ సరకు చేయువారు చేతితో త్రిప్పు పీపాను గాని, మోటారుతో తిరుగు దానిని గాని వాడుదురు. దేనిలో వేయించినను మంట సన్నముగా నుండవలెను. పెద్ద మంటపై పైపొర మాడి లోపల తేమ నిలిచిపోవును. అట్టి గింజ రెండు వారములలోనే మెత్తబడును.

గింజ బాణలినుండి దింపిన తరువాత గూడ తన వేడిచే తాను కొంత వేగుచునే యుండును. కావున మనము కోరిన రంగునకు కొంచెము ముందే దింపి, వెడల్పైన తట్టలలో పలుచగా పఱచి విసరవలెను. కుప్పగా పోసినచో నడుమనున్నది నల్లబడి చేదెక్కును.

సెనగలతో పుట్నాలు చేయు పని వేఱు. ముందు కొంచెము వేడి చేసి, నీళ్లు చిలికి, ఒక రాత్రి కుప్పపోసి ఉంచి, మఱునాడు మిక్కిలి వేడి ఇసుకలో వేయించినచో పొట్టు పగిలి గింజ గుల్లబడును. తరువాత నలిపి చెఱిగినచో పొట్టు పోవును. నువ్వులు, అవిసెలు సన్నని మంటపై చిటపటలాడుట మొదలిడగనే దింపవలెను. గుమ్మడి గింజలను గుజ్జు పోవునట్లు కడిగి, నీడలో నార్చి, పిమ్మట ఎండబెట్టి వేయించినచో ఉబ్బి కరకరలాడును.

చల్లార్చుట, కట్టుట

సభ్యులు ఎక్కువగా తప్పు చేయునది ఇచ్చటనే. మేమెఱిగిన యొక స్త్రీల సంఘమున సభ్యులందఱు పొదుపు సొమ్ము కూర్చి, ఎంతో శుభ్రముగా వేరుసెనగ వేయించిరి. సాయంకాలపు బస్సునకు అందింపవలెనను తొందరచే గింజలు గోరువెచ్చగ నుండగనే పలుచని సంచులలో కట్టిరి. దుకాణదారుడు వానిని ఎండ తగులు అద్దాల బీరువాలో నుంచెను. నెల తిరుగకమునుపే పొట్లములు కనరు వాసన కొట్టుచున్నవని తిరిగివచ్చెను. సొమ్ముతోపాటు ఆ దుకాణమునందు వారి పేరును పోయినది. గింజలో లోపము లేదు, వేయించుటలో లోపము లేదు. రెండు గంటల ఓర్పు లేకపోయెను, మంచి సంచి లేకపోయెను.

వెచ్చని గింజను కట్టినచో ఆవిరి లోపలనే నీరై గింజను మెత్తబఱచును. పలుచని సంచిగుండ గాలి దూరి, అందలి ప్రాణవాయువు గింజలోని నూనెతో కలిసి కనరు పుట్టించును. వెలుతురు, వేడి ఈ చెఱపును త్వరపఱచును. కావున గింజ పూర్తిగా చల్లారవలెను; వెలుతురును గాలిని ఆపు పొరల సంచిలో కట్టవలెను; అతుకు గట్టిగా నుండవలెను. అవిసె, పొద్దుతిరుగుడు గింజలలోని నూనె వేరుసెనగ నూనెకంటె త్వరగా చెడును. వానిని తక్కువ తక్కువగా వేయించుటయే మేలు.

ఎక్కువ దినములు నిలుచు వేరుసెనగ రకములును ఇప్పుడు వచ్చినవి. జునాగఢ్‌లోని వేరుసెనగ పరిశోధన సంస్థయు, పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ సంస్థయు కలసి రూపొందించిన గిర్నార్-4, గిర్నార్-5 అను రకములు 2020లో విడుదలయ్యెను. వీని నూనెలో ఓలియిక్ ఆమ్లము 80 శాతము వఱకు నుండుటచే కనరు ఆలస్యముగా పట్టును. వేయించి అమ్మ దలచిన సంఘములు తమ సభ్యులలో కొందఱిచేత ఈ రకములను సాగు చేయించుట ఆలోచింపదగినది.

ప్రతి వాయినుండి రెండు మూడు పొట్లములను సంఘమునందే తేదీ వ్రాసి ఉంచుకొని, పదునైదు దినములకొకటి విప్పి రుచి చూడవలెను. ఏ దినమున రుచి తగ్గినదో దానికి చాల ముందుగానే మన పొట్లముపై గడువు వేయవలెను. ఇతరుల పొట్లముమీద ఆరు నెలలని యున్నదని మనమును ఆరు నెలలని వ్రాయుట మోసమగును.

సహజము అను మాటయు, చట్టమును

పట్టణములలో సహజమైనది అను మాటకు గిరాకి గలదు. కాని ఆ మాటను మన యిష్టమువచ్చినట్లు వ్రాయరాదు. ఆహార పదార్థముల ప్రకటనలను గూర్చి 2018లో వచ్చిన నిబంధనల ప్రకారము, ఏ వస్తువును కలుపని ఒక్క పదార్థమునకే, వేయించుట, ఎండబెట్టుట వంటి సాధారణమైన పనులు మాత్రమే జరిగినపుడు, సహజము అని వ్రాయవచ్చును. పలు పదార్థములు కలిపి చేసినదానిని సహజ పదార్థములతో చేసినది యని మాత్రమే చెప్పవచ్చును. ఉప్పుకారములు కలిపిన పలుకులపై సహజము అని పెద్ద అక్షరములతో అచ్చు వేయించుకొన్నవారు ఈ సంగతి గమనింపవలెను. వట్టి వేపుడు గింజకు ఆ మాట చెల్లును.

2006 నాటి ఆహార భద్రతా చట్టము ననుసరించి, ఇంటిలో చేసి అమ్మువారును రిజిస్ట్రేషను గాని, వ్యాపారము పెద్దదైనచో లైసెన్సు గాని పొందవలెను. వారిచ్చు 14 అంకెల సంఖ్యను పొట్లముపై అచ్చు వేయవలెను. దానితోపాటు వస్తువు పేరు, కలిపిన పదార్థములు, పోషక విలువలు, నికరమైన తూకము, చేసిన తేదీ, గడువు, వాయి సంఖ్య, గరిష్ఠ ధర, చేసినవారి చిరునామా, శాకాహారమని తెలుపు ఆకుపచ్చ గుర్తు నుండవలెను. వేరుసెనగ కొందఱికి సరిపడదు గనుక అందు వేరుసెనగ యున్నదని స్పష్టముగా తెలుపవలెను. తూకపు యంత్రమునకు ప్రభుత్వ ముద్ర యుండవలెను. ఇవన్నియు చికాకులని తలపరాదు. పేరు లేని పొట్లమును మంచి దుకాణదారుడు పుచ్చుకొనడు.

అసలు లెక్క

ఇక ముఖ్యమైన భాగమునకు వత్తము. ఈ క్రింది ధరలు లెక్క తెలియుటకై మేము వేసికొన్నవి. ఎవరి ఊరి ధరలు వారు వేసికొనవలెను.

100 కిలోల వేరుసెనగ కాయ కొట్టించినచో ఇంచుమించు 70 కిలోల పలుకు వచ్చును. ఏరివేతలో 7 కిలోలు పోయినవనుకొందము. మిగిలినది 63 కిలోలు. వేయించునపుడు తేమ పోవుటచే 3 కిలోలు, పొట్టు నూకలుగా మఱి 2 కిలోలు తగ్గును. తుదకు చేతికి వచ్చునది 58 కిలోలు, అనగా 200 గ్రాముల పొట్లములు 290.

కాయ ధర, కిలో 70 రూపాయల చొప్పున: 7,000 రూపాయలు.
కాయ కొట్టించుట: 200.
ఏరుటకు ఇద్దఱి కూలి: 800.
వేయించు కూలి, వంటచెఱకు: 700.
సంచులు, చీట్లు, పొట్లము 4 రూపాయల చొప్పున: 1,160.
రవాణా: 300.
అద్దె, పనిముట్ల అరుగుదల, పరీక్షల రుసుము: 400.
మొత్తము: 10,560 రూపాయలు.

పొట్లములన్నియు అమ్ముడుపోవు. 14 పొట్లములు నమూనాలకును, చినిగినవి, తిరిగివచ్చినవానికిని పోయినవనుకొన్నచో అమ్మినవి 276. అనగా అమ్ముడుపోయిన ఒక్కొక్క పొట్లమునకు మనకు పడిన ఖర్చు 38 రూపాయల పైచిలుకు.

ఇపుడు లెక్క వ్రాయని సంఘము చేయు ఆలోచన చూడుడు. "కాయ కిలో 70 రూపాయలు, 200 గ్రాములకు 14 రూపాయలు. మనము పొట్లము 45 రూపాయలకు అమ్ముదము, మూడు రెట్లు వచ్చును" అని వారు సంతోషింతురు. దుకాణదారునికి నూటికి 20 చొప్పున 9 రూపాయలు పోగా సంఘమునకు వచ్చునది 36 రూపాయలు. 276 పొట్లములకు 9,936 రూపాయలు. ఖర్చు 10,560. ప్రతి క్వింటాలు కాయకు 624 రూపాయలు నష్టము! వారు ఎంత ఎక్కువగా అమ్మిన నంత త్వరగా మునుగుదురు. తమ కూలిని తాము లెక్కింపకపోవుటచే ఈ నష్టము కొన్ని నెలలు కంటికి కనబడదు; అది స్త్రీల శ్రమనుండియే తీరుచుండును.

అదే పొట్లమును 55 రూపాయలకు అమ్మగలిగినచో, దుకాణదారునికి 11 పోగా 44 రూపాయలు వచ్చును. మొత్తము 12,144. మిగులు 1,584 రూపాయలు. అనగా కాయ కిలోకు 70 రూపాయలకు మాఱుగా ఇంచుమించు 86 రూపాయలు గిట్టుబాటైనది. ఇది గొప్ప భాగ్యము కాదు. కాని కూలి సొమ్ము ఊరిలోనే నిలిచినది, పంట లేని నెలలలో పని దొరకినది. ఈ వ్యాపారమునుండి ఆశింపదగినది ఇంతయే. ఒక్క యేట లక్షలు వచ్చునని చెప్పి యంత్రములు అమ్మజూపువారి మాటలు నమ్మరాదు.

మఱియొక సంగతి. కాయను కార్తికములో కొని యేడాది పొడుగున వేయించుటకు సొమ్ము ముందుగనే కావలెను. దుకాణదారులు నెల గడువుమీదగాని చెల్లింపరు. ఈ నడుమ సొమ్మునకు వడ్డీ పడునేని దానిని గూడ లెక్కలో చేర్చవలెను. సంఘపు వాటాధనముతో చిన్నగా మొదలిడుట అందుకే మంచిది. 2020లో ఆరంభమైన సూక్ష్మ ఆహార పరిశ్రమల పథకము క్రింద యంత్రాదుల వెలలో 35 శాతము, 10 లక్షల రూపాయలకు మించకుండ, రాయితీగా నియ్యబడెను. అట్టి సాయము దొరకినపుడు పుచ్చుకొనవచ్చును గాని, రాయితీ వచ్చునను ఆశచే అక్కఱకు మించిన యంత్రము కొనరాదు. మిగిలిన 65 శాతము మన అప్పే.

అమ్మకము

మొదటి గిరాకి దూరపు పట్టణములలో వెదుకనక్కఱలేదు. మండల కేంద్రములోని బడులు, కార్యాలయములు, రైతుబజారు, తేనీటి దుకాణములు చాలును. సభ్యులే నిలుచుండి అమ్మినచో దుకాణదారుని భాగము మిగులును. ఐతే ఆ సభ్యుల కూలిని గూడ ఖర్చులో వ్రాయవలెను. తిరిగివచ్చిన పొట్లమును మాఱుమాట లేక పుచ్చుకొనవలెను. దానిని విప్పి మరల క్రొత్త సరకులో కలుపుట ఎన్నడును చేయరాదు.

ఈ సందర్భమున లిజ్జత్ అప్పడముల సంస్థను తలచుకొనుట ఉచితము. 1959లో బొంబాయిలో ఏడుగురు స్త్రీలు 80 రూపాయలు అప్పు తెచ్చి, మేడమీద కూర్చుండి అప్పడములు వత్తుట మొదలిడిరి. ఆ మొదటి దినము వారు చేసినవి నాలుగు పొట్లములు. పని చేయువారే స్వంతదారులు. రుచి ఏ చోటనైనను ఒక్కటిగా నుండవలెనను నియమము. ఈ రెండింటిచే ఆ సంస్థ దేశమంతట వ్యాపించి వేలకొలది స్త్రీలకు జీవనాధారమైనది. అప్పడము వత్తుట ఆనాడు గూడ ప్రతి యింట తెలిసిన పనియే యని మఱువరాదు.

కావున మా సలహా యిది. ఈ యేడు ఒక్క క్వింటాలు కాయతో మొదలిడుడు. ఏరివేసినది ఎంత, తరిగినది ఎంత, తిరిగివచ్చినది ఎంత, ఎవరు ఎన్ని గంటలు పని చేసిరి అను నాలుగు విషయములను ఒక పుస్తకమున వ్రాయుడు. మూడు నెలలైన తరువాత ఆ పుస్తకమును సంఘ సమావేశమున అందఱి యెదుట చదువుడు. మిగులు కనబడినచో రెండవ క్వింటాలు కొనుడు. కనబడనిచో ధరయో, సంచియో, పద్ధతియో మార్చుడు. ఒక్క క్వింటాలులో నేర్చుకొన్న పాఠమునకు వెల స్వల్పము. నూఱు క్వింటాళ్లలో నేర్చుకొనవలసి వచ్చినచో ఆ వెలను చెల్లింప మన చేలు చాలవు.